ఏ వన్నె

కొత్తవాడల మా అన్న మొగిలి
జంపఖానా నూలుకు రంగు అద్దుతడు.
గోళ్ళ సందుల ఏడాది పొడుగూతా పసుపో నీలమో ఉంటది,
అందుకే కండ్లు పచ్చబడ్డ సంగతి
ఇంట్ల ఎవ్వలం పట్టించుకోలేదు.
చాయ పోసే పోచక్క చెప్పింది:
"ఏందే, మీ అన్న గంగాళంల మునిగి లేచిండా?"

ముందుగాల పసరు.
పరకాల అవతల ఒకాయన
ఆదివారం పొద్దు పొడవకముందే పోస్తడు.
ఉప్పు బంద్, నూనె బంద్, మూడు వారాలు.
ఒళ్ళంత దురద. రాత్రంత గోకి గోకి
దుప్పట్ల మీద రక్తపు గీతలు.
వదిన రోజూ వాటిని ఉతికింది,
ఎవ్వలికి చెప్పలే.

ఎంజీఎంల పిల్లడాక్టరు
చీటీ ఎనక బొమ్మ గీసిండు:
కాలేయం నుంచి సన్నటి పాయలు దిగి
ఒక్కటై పేగుల దిక్కు పోయే పైత్యనాళం.
కలిసే కాడ పెన్నుతో చుక్క పెట్టిండు.
"ఇగో, ఇక్కడ."
నాకు చిక్కుపడ్డ చిలప కనవడ్డది.
చిక్కే అయితే
పంటితోనన్న ఇప్పుదును.

అటెనుక మేము మాట్లాడిన భాష మాది కాదు.
బయాప్సీ. స్టెంట్. బిలిరుబిన్ పద్దెనిమిది.
వదిన దాన్ని "బిల్లు రూబిన్" అంటది,
ఆమెకు ప్రతి మాటల ముందు బిల్లే ఇనవడుతది.
ఇంటి జాగ కాయితం
ఎవ్వలు అడగకముందే బ్యాగుల పెట్టింది.

పుష్‌పుల్‌ల పట్నం పోయినం, నాలుగుసార్లు.
ఒక డాక్టరు కోద్దామన్నడు, సగం కాలేయం తీసి.
ఇంకో ఆయన ఫిల్ములను కిటికీ వెలుతురుకు పట్టి
కోస్తే బల్లమీదనే పోతడన్నడు.
ఇద్దరూ మంచోళ్ళే. ఇద్దరూ ఫీజు తీసుకున్నరు.
మేనమామ రాయవేలూరుకు పొమ్మంటడు,
పోతే పైసలెవ్వలియ్యాలెనో చెప్పడు.
ప్లాస్టిక్ గొట్టమైతే మూడు నెలలకోపారి మార్చాలె,
జాలీదైతే కొన్నాళ్ళు ఆగుతది, పైసలెక్కువ.
కార్డుల ఏది వస్తదో ఏది రాదో
కౌంటర్ కాడి పిల్ల
మూడుసార్లు మూడు తీర్ల చెప్పింది.

వరండాల అందరు మాసొంటోళ్ళే.
భూపాలపల్లి బాయి పనోని భార్య,
మంథని నుంచి తమ్మున్ని తెచ్చిన టీచరమ్మ.
ఒకరి ఫైలు ఒకరం చదువుకుంటం,
తొక్కు పంచుకున్నట్టు డాక్టర్ల పేర్లు పంచుకుంటం.
"మీది ఎంత పైకుంది?"
"మీకు సంచి ఎప్పుడేసిండ్రు?"
టీచరమ్మ నా అరచేతిల ఒక నంబరు రాసింది.
మూడో రోజుకు వాళ్ళ చాప లేదు.
నంబరు చెమటకు పోకముందే
కాయితం మీద ఎక్కించిన.

ఇప్పుడు అన్న పక్కటెముకల సందుల నుంచి
సన్న గొట్టం, దాని కొసకు సంచి.
పొద్దున్నే సంచిని వెలుతురుకెత్తి చూస్తడు,
గంగాళంల కట్టె ముంచి చూసినట్టే.
"నిన్న మోదుగు పువ్వు. ఇయ్యాల చింతాకు.
ఇంత పక్కా రంగు నేనెన్నడు దించలేదు చెల్లే."
నవ్వితే కుట్లు గుంజుతయని
సగంల ఆపుకున్నడు.

నిన్న రాత్రి అడిగిండు:
"అనసూర్యా, నా కండ్లు ఏ వన్నె?"
పదేండ్లప్పటి నుంచి ఆయన నూలు చూసి చెప్పేది నేనే.
ఒక పాలు మందమైతే "మళ్ళ ముంచు" అన్నదాన్ని,
ఆర్డరు తారీఖు దాటుతున్నా
నూరు చిలపలు తిప్పి పంపినదాన్ని.
రెప్ప కింద ఏలు పెట్టి గుంజి చూసిన.
"తగ్గింది" అన్న.

ఆయన కొంచెంసేపు ఏమనలే.
"బల్బు కింద పసుపును చూడొద్దని
నీకు నేర్పలేదా నేను?
పొద్దుగాల చూద్దువు తీయ్."

నాలుగున్నరకు అలారం పెట్టిన.
ఫైలు, ఆధార్ జిరాక్సులు పన్నెండు,
గంజి సీసా, టీచరమ్మ ఇచ్చిన నంబరు.
జనగామ కాడ తెల్లవారుతది.
ఆయనను కిటికీ పక్కన కూసోబెట్టాల్నా వద్దా,
ఇంకా తెలుస్తలేదు.